పాత బుల్లెట్టా, కొత్త బండా: బావాబావమరుదుల పంతం

ప్రశ్న ఇది. అరవై దాటిన మనిషి దూరప్రయాణాలకు 1990ల నాటి కాస్ట్ ఐరన్ బుల్లెట్ స్టాండర్డ్ 350నే ఉంచుకోవాలా, లేక దాన్ని ఇచ్చేసి సెల్ఫ్ స్టార్టూ, గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోనివ్వని ఏబీఎస్ బ్రేకూ ఉన్న కొత్త 350 తీసుకోవాలా? బావగారిది పాత బండి పక్షం, బావమరిది ప్రసాద్‌ది కొత్త బండి పక్షం. ఇద్దరూ రిటైరైనవాళ్లే, ఇద్దరికీ పానాలు పట్టడం తెలుసు. తగువుకు నెపం హైదరాబాద్ నుంచి శ్రీశైలం ప్రయాణం. రానూపోనూ దాదాపు 430 కిలోమీటర్లు, అందులో నల్లమల ఘాటు రోడ్డు.

ప్రసాద్: ముందు కిక్కు సంగతి తేల్చండి బావగారూ. రోజూ పొద్దున్నే కుడి మోకాలితో జూదం ఎందుకు? కిక్కు ఒక్కసారి ఎదురు తన్నిందంటే చీలమండ పోతుంది. మన వయసులో అది అతుక్కునేసరికి నెలలు గడుస్తాయి.

బావ: ఎదురు తన్నేది బండి కాదురా, టైమింగు, అంటే స్పార్కు పడే వేళ. స్పార్కు పడేలా తెరుచుకునే చిన్న స్విచ్చు పాయింట్లు, వాటి వెనక స్పార్కును ముందుకు జరిపే ఆటో అడ్వాన్స్ యూనిట్ ఉంటుంది కదా, అందులో రెండు చిన్న బరువులు. తుప్పు పట్టి అవి తెరుచుకునే ఉండిపోతే స్పార్కు ముందే పడుతుంది, పిస్టన్ వెనక్కి తన్నుకొస్తుంది. ఏడాదికోసారి విప్పి, కిరసనాయిల్‌తో కడిగి, ఒక్క చుక్క నూనె వేస్తే ఆ గొడవే ఉండదు.

ప్రసాద్: యూనిట్ బాగున్నా తొక్కడం రావాలిగా.

బావ: అక్కడే చాలామంది తప్పు చేస్తారు. తాళం తిప్పి, కిక్కు మెల్లగా నొక్కుతూ హెడ్‌లైట్ పక్కనున్న, కరెంటు ఖర్చు చూపే అమ్మీటర్ చూడాలి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపూ ముల్లు ఎడమవైపు ఒరిగి ఉంటుంది. కాలికి గట్టిగా తగిలే చోట, పాయింట్లు తెరుచుకోగానే, ముల్లు నడిమికొస్తుంది. అప్పుడు సిలిండర్లో ఒత్తిడిని వదిలేసే డీకంప్రెషర్ లివరు పట్టి కిక్కును ఇంకో రెండు వేళ్ల మేర దింపి, లివరు వదిలెయ్. కిక్కును పూర్తిగా పైకి రానిచ్చి, నిలబడి ఒంటి బరువంతా వేసి ఒకే ఊపులో కిందిదాకా తొక్కు. యాక్సిలేటర్ తిప్పకు. ఇందులో మోకాలి బలం పనే లేదు, పడేది నీ బరువు.

ప్రసాద్: ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద అదంతా బాగానే ఉంటుంది. ఘాటులో, ఏటవాలులో, వెనక లారీ హారన్ కొడుతుంటే బండి ఆగిపోయిందనుకోండి. అమ్మీటర్ ముల్లు చూసుకుంటూ కూర్చుంటారా? కొత్త బండికైతే బొటనవేలు చాలు.

బావ: ఆ బొటనవేలు బ్యాటరీ ఉన్నంతవరకే. కొత్త 349 సీసీ బండికి కిక్కే లేదు. బ్యాటరీ చచ్చిందంటే పెట్రోల్ పంపు తిరగదు, ఇంజెక్షన్ పనిచెయ్యదు. నా బండికి బ్యాటరీలో ఊపిరి మిగిలి ఉంటే చాలు, కిక్కుతో అంటుకుంటుంది.

ప్రసాద్: బ్యాటరీ చచ్చేది అరుదు, పాయింట్ల మధ్య నిప్పురవ్వను అణిచే కండెన్సర్ చచ్చేది తరచూ. ఆ సంగతి మీకు నేను చెప్పాలా?

బావ: చెప్పక్కర్లేదు. కండెన్సర్ పాడయ్యే ముందు సూచన ఇస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బండి బాగా పోతుంది, ముప్పై నలభై కిలోమీటర్లకు వేడెక్కి దగ్గి ఆగిపోతుంది, అరగంట చల్లారితే మళ్లీ స్టార్టవుతుంది. మూత తీసి చూస్తే పాయింట్ల మధ్య చిటపటమంటూ పెద్ద నిప్పురవ్వ కనబడుతుంది. కొత్త కండెన్సర్, ఓ పాయింట్ల సెట్టు, గ్యాపు కొలిచే ఫీలర్ గేజి సీటు కింద ఉంటే ఇరవై నిమిషాల పని. గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. పాయింటుకు ఉండే ఫైబర్ మడమ అరిగేకొద్దీ గ్యాపు తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగు వెనకబడుతుంది. అప్పుడు ఇంజన్ ఊరికే వేడెక్కుతుంది, సైలెన్సర్ పైపు నీలంగా మారుతుంది. జనం దాన్ని చూసి పెట్రోల్‌ను తిడతారు.

ప్రసాద్: పెట్రోల్‌నూ తిట్టాలిగా ఇప్పుడు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తోంది. మీ బండి పుట్టినప్పుడు ఆ రోజు వస్తుందని ఎవరనుకున్నారు?

బావ: ఒప్పుకుంటా, అది తలనొప్పే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, ట్యాంకు అడుగున తుప్పు పడుతుంది. పాత రబ్బరు వాచర్లు, కార్బొరేటర్ ఓరింగులు ఉబ్బిపోతాయి. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బొరేటర్లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, అదే జెట్టు, మార్చకపోతే మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్గు తీసి చూస్తే ముక్కుపొడుం రంగులో ఉండాల్సింది తెల్లగా ఉంటుంది. మెయిన్ జెట్టు ఒక నంబరు పెద్దది వేసి మళ్లీ ప్లగ్గు చూడాలి. బండి వారానికి మించి నిలబెట్టేట్టయితే పెట్రోల్ కాక్ కట్టేసి, కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపాలి.

ప్రసాద్: చూశారా, ఒక్క పెట్రోల్‌కే ఇంత శుశ్రూష. రిటైరయ్యింది విశ్రాంతికా, బండికి నర్సుగా చేరడానికా?

బావ: రిటైరైన మనిషికి పొద్దున పది గంటలకు ఇంకేం పనుందిరా?

ప్రసాద్: సరే, పని ఉందనే అనుకుందాం. నెలరోజులు మనవళ్ల దగ్గరకు పోయి వస్తారు. వచ్చి డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ కనపడదు. ఏంచేస్తారు మామూలు మనుషులు? లీటరు పోసేస్తారు.

బావ: పోశాడా, చచ్చాడే. ఆయిల్ ఎక్కడికీ పోలేదు, పంపు అరిగితే ఆయిల్ ట్యాంకులోంచి జారి ఇంజన్ అడుగున క్రాంక్ కేసులో చేరుతుంది. పైన ఇంకో లీటరు పోసి స్టార్ట్ చేస్తే సైలెన్సర్లోంచి తెల్లటి పొగ, బ్రీదర్ పైపులోంచి వెనక చక్రం మీదకు నూనె. వెనక టైరు మీద నూనె పడితే మలుపులో మనిషి ఏమవుతాడో నేను చెప్పను. పద్ధతేమిటంటే, క్రాంక్ కేసు కింద డ్రెయిన్ బోల్టు విప్పి చేరిన నూనెను గిన్నెలోకి దింపడం, లేదంటే స్టార్ట్ చేసి మెల్లగా నాలుగైదు నిమిషాలు తిరగనివ్వడం. తిరిగే పంపు దాన్ని ట్యాంకులోకి లాగేస్తుంది. డిప్‌స్టిక్ అప్పుడు చూడాలి, ముందు కాదు. నూనె మార్చినప్పుడూ అంతే. 20డబ్ల్యూ50 రెండు లీటర్లు పోసి, మిగతాది డిప్‌స్టిక్ చూసి కలపాలి. తర్వాత హెడ్డు మీదికెళ్లే సన్న నూనె పైపును బిగించే బాంజో బోల్టు అర మర వదులు చేసి స్టార్ట్ చేస్తే అక్కడ నూనె ఊరాలి. ఊరిందా, నూనె తిరుగుతున్నట్టే. ఊరకపోతే వెంటనే ఆపెయ్యాలి.

ప్రసాద్: ఇంజన్ వాదంలో మిమ్మల్ని గెలవలేను, వదిలేస్తున్నా. బ్రేకులకు రండి. ఈగలపెంట దాటాక కృష్ణ దాకా దిగుడే దిగుడు. మీకు ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. వాన పడితే డ్రమ్ములో నీళ్లు చేరతాయి, మొదటి రెండు మూడు పట్టులకు బండి ఆగదు. మనిషికి అరవై దాటాక కన్ను చూసినదానికీ చెయ్యి బిగించడానికీ మధ్య తేడా పెరుగుతుంది. అప్పుడు కంగారుగా బిగించినా చక్రం పట్టెయ్యకుండా చూడటానికే ఏబీఎస్ ఉంది. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 నుంచి తప్పనిసరి చేసింది ఊరికే కాదు.

బావ: డ్రమ్ము సరిగ్గా ఉంటే…

ప్రసాద్: ఎలా ఉంటే సరిగ్గా ఉన్నట్టు, చెప్పండి.

బావ: ముందు బ్రేకు గట్టిగా పట్టి, డ్రమ్ము మీద చిన్న లివరూ బ్రేకు వైరూ కలిసే చోట కోణం చూడు. లంబకోణానికి దగ్గరగా ఉంటే వైరు లాగే బలమంతా పనిచేస్తుంది. దాన్ని దాటి లివరు పైకి తిరిగిందంటే లోపలి షూల మీది లైనింగ్ అరిగిపోయింది. వైరు బిగించి సరిపెట్టడం మోసం, షూలు మార్చాలి. లైనింగ్ అద్దంలా మెరుస్తుంటే గరుకు కాగితంతో రుద్దాలి. కొత్త షూలు వేస్తే నూటయాభై రెండొందల కిలోమీటర్లు మెత్తగా పడుతూ డ్రమ్ముకు అలవాటు చెయ్యాలి. వెళ్లేముందు రోజు వేసుకుని ఘాటు దిగకూడదు. దిగేటప్పుడు రెండో గేరు, యాక్సిలేటర్ మూసి ఇంజన్ పట్టు మీద దిగాలి. తడిసిన డ్రమ్మును ఆరబెట్టాలంటే ఖాళీ రోడ్డులో బ్రేకు కొంచెం పట్టి ఓ వంద మీటర్లు నడపాలి.

ప్రసాద్: అంతా నిజమే. అడ్డంగా గేదె వస్తే లంబకోణాలు గుర్తుకు రావు బావగారూ.

బావ: రావు. ఈ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు. వేగం తగ్గించుకోవడమే. గంటకు అరవై కిలోమీటర్ల దగ్గర పోయేవాడికి గేదె ఎనభైలో పోయేవాడికంటే చాలా దూరంలో కనబడినట్టు.

ప్రసాద్: అరవైలో నాలుగు లైన్ల హైవే మీద పోతే వెనకొచ్చే కారు నూట పదిలో ఉంటుంది. మీరు అరవై పోవడం మీకు భద్రత, అతనికి అడ్డం.

బావ: అందుకే హైవే ఎక్కడం తప్పించుకోమంటాను. మన్ననూరు దాటాక రోడ్డు రెండు లైన్లే, అడవిలో అందరూ నెమ్మదే. అచ్చంపేట దగ్గర ట్యాంకు నింపుకోవాలి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. పాత బండి మిణుకు దీపానికి ఆ నియమం మేలే చేస్తుంది, వెలుతురు ఉండగానే దాటాలి. శుక్లాలు మొదలైన కళ్లకు ఎదుటి ఎల్ఈడీ లైటు ఎంత కష్టమో తెలుసుగా.

ప్రసాద్: సరే, రాజీ మాట. పాతది అమ్మొద్దు. ఊళ్లో తిరగడానికి అది, దూరానికి కొత్తది. రెండూ ఉంచుకోండి.

బావ: అది మాత్రం ఒప్పుకోను. రెండిట్లో ఏదైనా ఒకటే.

ప్రసాద్: మీరే కాదంటున్నారేంటి?

బావ: నా బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒకటో గేరు పైకి, మిగతా మూడూ కిందికి. కొత్తదానికి అంతా తిరగబడి ఉంటుంది. ముప్పై ఏళ్ల వయసువాడికి రెండూ వచ్చు. డెబ్భైకి దగ్గరవుతున్నప్పుడు, మంగళవారం ఒకటి, బుధవారం ఇంకొకటి నడిపితే? మామూలుగా ఉన్నప్పుడు బుర్ర ఆలోచించి తొక్కుతుంది, తప్పు రాదు. గేదె వచ్చినప్పుడు కాలు ఆలోచించదు. కొత్త బండి మీద ఎడమకాలు బ్రేకు అనుకుని గేరు మీద తొక్కుతుంది. బండి ఆగకపోగా, గేరు కిందికి పడి వెనక చక్రం పట్టేయొచ్చు. నువ్వన్న బ్రేకుల వాదన నిజమైతే, ఇది దానికంటే పెద్ద నిజం.

ప్రసాద్: అయితే కొత్తదే తీసుకోండి. ఇక మిగిలిన కారణమేంటి?

బావ: బరువు. నాది దాదాపు 165 కిలోలు. కొత్త క్లాసిక్ 195. ముప్పై కిలోల తేడా రోడ్డు మీద తెలీదు. కంకర మీద బండి తిప్పేటప్పుడు, ఆశ్రమం ముందు ఇసుకలో పార్కు చేసేటప్పుడు, పక్కకు ఒరిగితే ఆపేటప్పుడు తెలుస్తుంది. మన వయసువాళ్లకు దెబ్బలు తగిలేది పోతున్నప్పుడే కాదురా, ఆగి ఉన్నప్పుడు కూడా.

ప్రసాద్: అది నేను లెక్కేసుకోలేదు. ఒప్పుకుంటా. కానీ ఇంకో లెక్క ఉంది. కాస్ట్ ఐరన్ ఇంజన్ తయారీ 2010 ప్రాంతంలో ఆగిపోయింది. పాయింట్లు చెవితో పట్టే మేస్త్రీలు మనలాగే ముసలివాళ్లయ్యారు. సిలిండర్ అరిగి బోరింగ్‌కొచ్చినప్పుడు ఎవరి చేతికిస్తారు? సిలిండర్ మరీ బిగుతుగా బోరింగ్ చేసి ఇస్తే వేసవిలో పిస్టన్ పట్టేస్తుంది.

బావ: బోరింగ్ అయ్యాక అయిదొందల కిలోమీటర్లు నలభై దాటకుండా నడిపితే…

ప్రసాద్: అది నడిపేవాడి జాగ్రత్త. నేనడిగింది మేస్త్రీ గురించి.

బావ: మేస్త్రీ సంగతి నీదే గెలుపు. నాలుగు జిల్లాలకు ఒకడున్నాడంటే గొప్ప.

ప్రసాద్: కాగితాలు?

బావ: పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యువల్, పొల్యూషన్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ బీమా. ఇవి బండివి. లైసెన్సు నడిపేవాడిది, దాన్నే అందరూ మరచిపోతారు. యాభై అయిదు దాటాక రెన్యువల్ చేస్తే ఐదేళ్లే ఇస్తారు, ఫారం 1ఎ మీద డాక్టరు సంతకం కావాలి. గడువు దాటిన లైసెన్సుతో పోతే యజమాని ప్రమాద బీమా పదిహేను లక్షలూ చేతికి రాకుండా పోయే అవకాశం ఉంది. బండి కొత్తదైనా పాతదైనా ఇందులో తేడా లేదు.

ప్రసాద్: పోనీ మందుల మాటో? రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు పడితే చిన్న దెబ్బకే లోపల రక్తం కారొచ్చు. షుగరు ఎక్కువైతే పాదానికి స్పర్శ తగ్గుతుంది, పెడల్ మీద ఎంత నొక్కారో తెలీదు.

బావ: అది బండి ప్రశ్న కాదు, ఎక్కాలా వద్దా అనే ప్రశ్న. పాదం మొద్దుబారితే నేను రెండూ ఎక్కను, సైకిలు కూడా.

ప్రసాద్: అయితే శ్రీశైలం పాత బండి మీదే అంటారు.

బావ: కొత్త షూలు వేసి రెండొందల కిలోమీటర్లు నడిపాకే. ముందు గురువారం వెళదామనుకున్నా, ఇప్పుడు లెక్క చూస్తే మరో రెండు వారాలు పడుతుంది.

ప్రసాద్: టైర్ల సంగతి అడగలేదు మీరు. 3.25-19, ట్యూబు టైర్లు కదా. పక్క గోడ మీద గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ టైరు తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. చదవండి.

బావ: గాడి ఇంకా లోతుగానే ఉంది కదా.

ప్రసాద్: గాడి గురించి కాదు నేనడిగేది, టైరు వయసు గురించి. రబ్బరు మీద గోరు గుచ్చి చూడండి, దిగుతుందా లేదా. అంకెలు చదవండి.

బావ: ఆగు, కళ్లజోడు తెచ్చుకోనీ… ఒకటి, తొమ్మిది… ఒకటి, నాలుగు.