గొయ్యి తవ్వకముందే గట్టు గీయాలి

గ్రావెల్ క్వారీ మీద గొడవ మొదలైతే చాలు, మాటంతా ఎంత లోతు తవ్వారు, ఎన్ని లారీలు పోయాయి, రాయల్టీ ఎంత ఎగ్గొట్టారు అన్న దగ్గరే తిరుగుతుంది. ఇవేవీ పాఠకులకు కొత్త కాదు. ప్రపంచం ఏటా 5,000 కోట్ల టన్నుల ఇసుక, గ్రావెల్ వాడుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లో లెక్క చెప్పింది. ఇళ్లూ రోడ్లూ కడుతున్నన్నాళ్లూ ఈ తవ్వకం ఆగదు. నా తగాదా తవ్వకంతో కాదు. ఆ గొయ్యి చివరికి ఏం కావాలో తేల్చకుండానే మొదటి బకెట్ దించనివ్వడంతో.

పునరుద్ధరణ అనగానే చివర్లో నాటే నాలుగు మొక్కలు, ఓ కంచె, ఓ బోర్డు గుర్తొస్తాయి. అసలు సంగతి ఒడ్డు దగ్గర ఉంది. భూగర్భ జలం పైపైనే ఉన్నచోట తవ్వితే గొయ్యి మడుగవుతుంది. ఒడ్డు నిటారుగా ఉంటే అందులో దిగిన పశువు పైకి రాలేదు, పిల్లాడూ రాలేడు. మూడడుగులు నడిస్తే ఒక్క అడుగు దిగేంత వాలు కావాలంటే అంచున కొంత గ్రావెల్ తవ్వకుండా వదిలేయాలి. అంటే అమ్ముడుపోయే సరుకును వదులుకోవాలి. మొదటి రోజు ప్లానులో లేని ఈ త్యాగం ఇరవయ్యో ఏట ఎవరు చేస్తారు? అప్పటికే హద్దురాయి దాకా గోకేసి ఉంటారు. వాలు కట్టడానికి మట్టి బయటి నుంచి కొని తేవాలి. ఆ ఖర్చు లెక్కేసుకున్న రోజునే కంపెనీ బోర్డు తిప్పేస్తుంది.

పైమట్టిది ఇంకా సున్నితమైన కథ. జానెడో మూరెడో ఉండే ఆ పొర లేకపోతే పూడ్చిన నేల మీద పంట నిలవదు. తడిగా ఉన్నప్పుడు ఎత్తినా, దాని మీద బండ్లు తిప్పినా అణిగి గట్టిపడుతుంది. ఎత్తైన కుప్పగా పోసి ఏళ్ల తరబడి ఉంచితే లోపల గాలాడక వానపాములు, వేళ్లకు తోడుండే శిలీంధ్రాలు నశిస్తాయి. అందుకే తెలివైన క్వారీ భూమిని ముక్కలుగా విడగొట్టుకుంటుంది. మూడో ముక్క మీద తీసిన పైమట్టి కుప్ప ఎక్కకుండానే, తవ్వడం అయిపోయిన మొదటి ముక్క మీదికి వెళ్తుంది. ఇది తవ్వే వరసలోనే ఉండాలి, తర్వాత అతికిస్తే కుదరదు.

ఇంగ్లండ్‌లోని నీడింగ్‌వర్త్ క్వారీలో ఇలాగే చేశారు. ఒకవైపు గ్రావెల్ తీస్తూనే, తీసేసిన భాగాలను పక్షుల సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీతో కలిసి రెల్లు మడుగులుగా మార్చారు. అరుదైన బిట్టర్న్ కొంగలు అక్కడ గూళ్లు పెట్టాయి. కాలిఫోర్నియాలో 1975 నాటి చట్టం ప్రకారం ఆమోదం పొందిన పునరుద్ధరణ ప్లాను లేనిదే క్వారీ నడవదు. తర్వాతి సవరణలతో, పునరుద్ధరణ ఖర్చుకు పూచీగా ఉండే హామీ సొమ్ము కూడా తప్పనిసరైంది. ఆ మొత్తాన్ని ఏటా తిరిగి లెక్కగడతారు.

సొమ్ము ముందే కట్టమంటే చిన్న క్వారీలు మూతపడతాయని, ముప్పై ఏళ్ల తర్వాత భూమితో ఏం అవసరమో ఇప్పుడెలా చెప్తామని అంటారు. మొదటి మాటలో కొంత నిజముంది. హామీని తవ్విన ముక్కకింత అని విడతలుగా తీసుకుంటే ఆ బాధ తీరుతుంది. రెండోది సాకు. ప్లాను మధ్యలో మార్చుకోవచ్చు. లేని ప్లానును ఏం మారుస్తారు?

నిజానికి ఈ జబ్బు క్వారీలకే పరిమితం కాదు. శంకుస్థాపనకు శిలాఫలకం ఉంటుంది, మూతకు బడ్జెట్టే ఉండదు. అమెరికాలో యజమానులు గాలికొదిలేసిన చమురు బావులను మూయడానికి 2021 చట్టం 470 కోట్ల డాలర్ల ప్రజాధనం కేటాయించాల్సి వచ్చింది. లాభం ఎవరో తిన్నారు, మూత బిల్లు జనం కట్టారు. చెత్త డంపులైనా, అణు విద్యుత్ కేంద్రాలైనా, రేపు కుప్పలు పడబోయే సోలార్ పలకలైనా, చివరి ఖర్చు మొదటి రోజు ధరలో కలవనంత కాలం మనకు చవగ్గా కనిపించేవన్నీ అప్పు సరుకులే.

అందుకే హామీ సొమ్ము వాపసులో తొందర కూడదు. తొలి వానకు బంజరు కూడా పచ్చబడుతుంది, ఫొటోకు అది చాలు. ఇంగ్లండ్‌లో తిరిగి సాగుకిచ్చే క్వారీ భూమికి సాధారణంగా 5 ఏళ్ల సంరక్షణ షరతు పెడతారు. ఆ అయిదో పంట కళ్లాలకు చేరేదాకా డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి.