సొంత గడప తొక్కడానికీ సుంకమా?

పౌరుడు తన దేశానికి తిరిగి రావడానికి ఎవరి దయా అక్కర్లేదు. ఈ మాటను బ్రిటన్ 1971 నాటి ఇమిగ్రేషన్ చట్టంలో మొదటి సెక్షన్‌లోనే రాసుకుంది. నివాస హక్కు ఉన్నవారు ఏ అడ్డూ ఆటంకమూ లేకుండా రావచ్చు, పోవచ్చు, ఉండవచ్చు. 2026 ఫిబ్రవరి 25 నుంచి ఆ హక్కు ఎక్కడో పరాయి దేశపు విమానాశ్రయంలో, చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆగిపోతోంది. ఐరిష్ పౌరసత్వం ఉన్నవారికి ఇబ్బంది లేదు. ద్వంద్వ పౌరసత్వం ఉన్న మిగతా బ్రిటిష్ పౌరులు మాత్రం గడువు తీరని బ్రిటిష్ పాస్‌పోర్టు గానీ, రెండో దేశపు పాస్‌పోర్టుతో పాటు నివాస హక్కు ధ్రువపత్రం గానీ చూపాలి. లేదంటే విమానం ఎక్కుతామన్న భరోసా లేదు.

సరిహద్దు భద్రతకు ఇది తప్పదని, అమెరికా, ఆస్ట్రేలియా కూడా తమ పౌరులను తమ పాస్‌పోర్టుతోనే రమ్మంటాయని బ్రిటన్ హోం శాఖ అంటోంది. పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవడం మంచిదే, కాదనం. అది లేనంత మాత్రాన పౌరుడు పౌరుడు కాకుండా పోడు.

ఇటలీ నుంచి వచ్చే పర్యాటకుడు, ఈ నిబంధన మొదలైన నాటి లెక్క ప్రకారం, 16 పౌండ్లు కట్టి, ఫోనులోనే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి తెచ్చుకుని లండన్‌లో దిగుతాడు. అదే ఇటలీ పాస్‌పోర్టుతో బయల్దేరిన బ్రిటిష్ పౌరురాలికి ఆ అనుమతి ఇవ్వరు. పౌరులకు అది వర్తించదు కాబట్టి. ఆమె బ్రిటిష్ పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టి వారాల తరబడి కాచుకోవాలి, లేదా ధ్రువపత్రానికి 589 పౌండ్లు చెల్లించాలి. ఆనాటి లెక్కన పరాయి మనిషికి 16, సొంత మనిషికి 589. ఏ న్యాయం ఇది?

ఇంకా బాధ కలిగించే పోలిక ఉంది. బ్రిటన్‌లో చాలాకాలంగా ఉంటున్న ఇద్దరు ఫ్రెంచ్ స్నేహితురాళ్లను ఊహించండి. బ్రెగ్జిట్ తర్వాత ఒకరు స్థిరనివాస హోదాతో సరిపెట్టుకున్నారు. ఆ హోదా ఆమె ఫ్రెంచ్ పాస్‌పోర్టుకు డిజిటల్‌గా జతపడి ఉంటుంది. విమాన సంస్థ పాస్‌పోర్టును స్కాన్ చేయగానే ఎక్కించవచ్చన్న జవాబు వస్తుంది. రెండో ఆమె పరీక్ష రాసి, 1,700 పౌండ్లకు పైగా రుసుము కట్టి, రాజుకు విధేయంగా ఉంటానని ప్రమాణం చేసి పౌరసత్వం తీసుకున్నారు. దాంతో పాత హోదా పోయింది. ప్రమాణం చేసిన రోజు చేతికిచ్చిన పౌరసత్వ పత్రం ప్రయాణానికి పనికిరాదు. పౌరురాలు కాని మనిషి హాయిగా ఎక్కుతుంది, పౌరురాలు కౌంటర్ దగ్గర నిలబడిపోతుంది. విదేశీయుల హోదాను పాస్‌పోర్టుకు జోడించగలిగిన ప్రభుత్వానికి సొంత పౌరుల విషయంలో అదే పని ఎందుకు చేతకాలేదు?

పేర్ల తిప్పలు వేరు. గ్రీసు చట్టం ప్రకారం 1983 నుంచి పెళ్లయిన స్త్రీ అధికారికంగా పుట్టింటి పేరుతోనే కొనసాగాలి. భర్త ఇంటిపేరుతో బ్రిటన్‌లో జీవితం అల్లుకున్న గ్రీకు మహిళతో రెండు పాస్‌పోర్టుల్లో పేరు ఒకటే ఉండాలంటుంది బ్రిటన్, మార్చడం కుదరదంటుంది గ్రీసు. ఆమె ఏ గోడకు తల కొట్టుకోవాలి? పిల్లల సంగతి మరీ అన్యాయం. బ్రిటన్‌లో పుట్టిన పౌరురాలికి విదేశంలో కలిగిన బిడ్డ సాధారణంగా పుట్టుకతోనే బ్రిటిష్ పౌరుడు. ఎవరూ దరఖాస్తు పెట్టకపోయినా పౌరుడే. తన తండ్రి చివరి చూపు కోసం ఉన్నపళంగా బయల్దేరిన తల్లికి దారి ఉంటుంది, ఇంకా బ్రిటిష్ పాస్‌పోర్టు లేని చంకలోని బిడ్డకు ఉండదు.

పౌరసత్వాన్ని నిరూపించుకోమని చట్టం ఇదివరకూ అడిగేది. అయితే ఆ నిరూపణ సరిహద్దు అధికారి ముందు జరిగేది. ఇప్పుడు ఆ తీర్పు విమాన సంస్థ ఉద్యోగి చేతిలో పడింది. తగిన పత్రాలు లేని ప్రయాణికుడిని తీసుకొస్తే ఒక్కొక్కరికి 2,000 పౌండ్ల జరిమానా కట్టాల్సి రావచ్చన్న భయంతో పనిచేసే ఉద్యోగి, ఏ కాస్త అనుమానం వచ్చినా వద్దనే అంటాడు. అతడిని తప్పు పట్టలేం. గడువు తీరిన బ్రిటిష్ పాస్‌పోర్టును ఒప్పుకోవాలా వద్దా అన్నది కూడా ఆ సంస్థల విచక్షణకే వదిలేశారు. పౌరసత్వం ఒకరి విచక్షణ మీద ఆధారపడే విషయమా?

కాగితం లేకపోతే హక్కు లేదన్న ధోరణి ఎక్కడికి దారితీస్తుందో బ్రిటన్‌కు కొత్తగా చెప్పనక్కర్లేదు. కరీబియన్ దీవుల నుంచి చట్టబద్ధంగా వచ్చి దశాబ్దాలు చెమటోడ్చిన విండ్‌రష్ తరాన్ని ఇలాగే కాగితాలు చూపమన్నారు. చూపలేని వారు ఉద్యోగాలు, వైద్యం, ఇళ్లు పోగొట్టుకున్నారు. కొందరిని దేశం నుంచే పంపేశారు. వారు దిగిన తేదీలు తెలిపే కార్డులను 2010లో నాశనం చేసింది హోం శాఖే. రుజువును తనే చింపేసి, రుజువేదని అడిగిన శాఖ అది. 2018లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. ఎనిమిదేళ్లు తిరగకుండానే అదే శాఖ అదే ప్రశ్నతో మళ్లీ పౌరుల దారికి అడ్డం నిలబడింది.

కెనడా కూడా 2016లో ఇలాంటి నిబంధనే తెచ్చింది. పాస్‌పోర్టు అందని ద్వంద్వ పౌరులు కొందరికి ప్రయాణానికి ముందు పది రోజుల్లో దరఖాస్తు పెట్టుకునేలా ప్రత్యేక అనుమతి ఇచ్చే ఏర్పాటు కూడా చేసింది. మనసుంటే మార్గం ఉందని చూపింది. బ్రిటన్ హోం శాఖ తాను పౌరసత్వం ఇచ్చిన మనుషుల రికార్డులు తన దగ్గరే పెట్టుకుని, తెలియనట్టు నటించడం మానాలి. ఆ రికార్డులను ప్రయాణికుల రెండో పాస్‌పోర్టుకు జోడించాలి. ఆ పని పూర్తయ్యేదాకా 589 పౌండ్ల వసూలు ఆపాలి, అత్యవసరంగా బయల్దేరిన పౌరులకు ఉచితంగా దారి చూపాలి. దేశం బయట చిక్కుకున్న తన పౌరులను ‘ముందే చెప్పాం కదా’ అని దబాయించే హక్కు ఆ శాఖకు లేదు.