ఆప్ట్ చెప్పేది సగమే చదివి ఫార్మాట్ కొట్టేస్తున్నాం

మొన్న రాత్రి పదకొండింటికి మా తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, ఉబుంటు పోయింది, ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించేస్తా" అన్నాడు. ఉబుంటు అంటే వాడి ల్యాప్‌టాప్‌లోని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. ఏమైందిరా అంటే వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. అందులో సాఫ్ట్‌వేర్ ఎక్కించే కమాండ్ ఆప్ట్ ఇచ్చిన ఎర్రర్ చివరి లైన్ ఒక్కటే ఉంది: లిబ్‌ఏసౌండ్2 అనే సౌండ్ లైబ్రరీ ప్యాకేజీకి ఇన్‌స్టాలేషన్ క్యాండిడేట్ లేదని, అంటే ఎక్కించడానికి ఏ వెర్షనూ దొరకలేదని. పై లైన్లు కూడా పంపమన్నాను. జవాబు అక్కడే ఉంది. ఇది వర్చువల్ ప్యాకేజీ (పేరు మాత్రమే, అసలు సరుకు వేరే ప్యాకేజీల్లో ఉంటుంది), దీన్ని లిబ్‌ఏసౌండ్2టీ64 అందిస్తోంది, ఓఎస్‌ఎస్4 సల్సా అనే ఇంకోటి కూడా అందిస్తోంది, ఏది కావాలో మీరే ఎంచుకోండి అని ఆప్ట్ స్పష్టంగా చెబుతోంది.

ఆ టీ64 తోక ఎందుకొచ్చిందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. సమయాన్ని 32 బిట్లలో లెక్కపెట్టే సిస్టమ్‌లకు 2038 జనవరి 19న ఆ లెక్క నిండిపోతుంది. అందుకని ఉబుంటుకు మూలమైన డెబియన్ వాళ్లు, ఉబుంటు వాళ్లు 32 బిట్ ఆర్మ్ మెషీన్లలో దాన్ని 64 బిట్లకు మార్చి, ఆ మార్పు తగిలే లైబ్రరీలకు పేరు చివర టీ64 చేర్చారు. మన మామూలు 64 బిట్ ల్యాప్‌టాప్‌లో సమయం లెక్క ఎప్పటి నుంచో 64 బిట్లే, కానీ ప్యాకేజీ పేరు అన్ని మెషీన్లకూ ఒకటే కాబట్టి ఉబుంటు 24.04లో మనకూ పేరు మారింది. తమ్ముడికి కావాల్సిన లైబ్రరీ ఉబుంటు ప్యాకేజీలు దొరికే రిపోలోనే (రిపాజిటరీ) ఉంది, కొత్త పేరుతో.

నాకు బాధ కలిగించేది నెట్‌లో దొరికే సలహాలు. ఆప్ట్ కింద పనిచేసే డీపీకేజీకి ఫోర్స్ ఆప్షన్ పెట్టి కొట్టెయ్ అంటారు. ప్యాకేజీ ఎక్కుతుంది నిజమే, కానీ డిపెండెన్సీ (అది ఆధారపడే ఇంకో ప్యాకేజీ) తీరలేదు కాబట్టి ఆ తర్వాత ఆప్ట్‌తో ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా పాత గొడవే ముందుకొస్తుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ పాత ప్యాకేజీ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 సంగతి ఇంకా ఘోరం. ఉబుంటు 22.04 ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3కి మారిపోయింది కాబట్టి పాత యాప్ ఏదైనా 1.1 అడిగితే, 20.04 నాటి ఫైలు తెచ్చి ఎక్కించుకోమంటారు. పని జరిగిపోతుంది. కానీ మీ రిపోలో లేని ఆ లైబ్రరీకి ఇక అప్‌డేట్ రాదు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్రాజెక్టే 1.1.1కి సాధారణ సపోర్ట్‌ను 2023 సెప్టెంబరులో ఆపేసింది. పాస్‌వర్డులు, బ్యాంకు లావాదేవీలు కాపాడాల్సిన లైబ్రరీని అలా వదిలేయడం నేను ఒప్పుకోను.

అలాగని తప్పంతా వాడేవాళ్లదే అనను. 2021 నవంబరులో వచ్చిన వీడియోలో యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్, ఉబుంటు ఆధారంగా చేసిన పాప్ ఓఎస్‌లో ఆటల యాప్ స్టీమ్ ఎక్కించబోతే, ప్యాకేజీలోని లోపం వల్ల డెస్క్‌టాపే ఊడిపోయింది. ఏమేం తీసేస్తున్నానో ఆప్ట్ జాబితా చూపించింది, ఒప్పుకుంటున్నట్టు ఒక వాక్యం టైప్ చేయమంది, ఆయన చేశాడు. కొత్తగా వచ్చిన మనిషి అంత పొడుగు జాబితాలో ప్రమాదం ఎక్కడుందో ఎలా పట్టుకుంటాడు? తప్పు డిస్ట్రోదే, అంటే పాప్ ఓఎస్‌దే అని నా అభిప్రాయం. ఆ తర్వాత ఆప్ట్ రాసేవాళ్లు కూడా ముఖ్యమైన ప్యాకేజీలను అంత తేలిగ్గా తీయనివ్వకుండా కట్టుదిట్టం చేశారు.

'హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్' అనే మెసేజ్ కూడా అలాంటిదే. అది చూసి ఏదో ప్యాకేజీ మారకుండా హోల్డ్‌లో ఉందనుకుని గంటలు వెతుకుతారు, ఆప్ట్ మార్క్‌తో హోల్డ్ జాబితా అడిగితే చాలాసార్లు ఖాళీగా వస్తుంది. తరచూ అసలు సంగతేంటంటే, ఎప్పుడో చేర్చిన పీపీఏ (బయటివాళ్ల రిపో) నుంచి ఒక లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చి కూర్చుంటుంది, రిపోలోని మిగతా ప్యాకేజీలేమో సరిగ్గా తమ వెర్షనే కావాలంటాయి. అప్పుడు ఆ లైబ్రరీ పేరుతో ఆప్ట్ పాలసీ కమాండ్ కొట్టండి. ఇప్పుడున్న వెర్షన్ పక్కన రిపో అడ్రస్ ఏదీ లేకుండా 100 అంకె, డీపీకేజీ స్టేటస్ ఫైలు దారి మాత్రమే కనిపిస్తే, ఆ వెర్షన్ మీ సిస్టమ్‌కు తెలిసిన ఏ రిపోలోనూ లేదని అర్థం. దాన్ని రిపో వెర్షన్‌కు దింపితే చాలాసార్లు ముడి విడిపోతుంది. దింపే ముందు మాత్రం ఏమేం తీసేస్తానంటోందో ఆ జాబితా మొత్తం చదివాకే వై నొక్కండి.