మహారాజశ్రీ తిరుగు పడవ గారికి

మహారాజశ్రీ సేబా దీవి తిరుగు పడవ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. మీరు క్షేమంగా ఉన్నారని నాకు తెలుసు. నిన్న మధ్యాహ్నమంతా ఫోర్ట్ బే రేవులో సిమెంటు గట్టు మీద కూర్చుని మిమ్మల్నే చూశాను. ఇంజను ఆపుకుని, తాళ్లకు ఒరిగి, హాయిగా కునుకు తీస్తున్నారు. నా క్షేమం మీరెలాగూ అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

చిన్నాచితకా ముందే వదిలేస్తాను. పొద్దున మేము ఎక్కిన పొరుగు దీవి సింట్ మార్టెన్‌లో మీరు పోసిన కాఫీ సంగతి ఎత్తను. ఒకే నెదర్లాండ్స్ రాజుగారి ఏలుబడిలోని రెండు దీవుల మధ్య, ఇటు ఎక్కేటప్పుడూ అటు దిగేటప్పుడూ పాస్‌పోర్టు చూపించమన్నారు. అది రాజుగారి ఇంటి వ్యవహారం, మధ్యలో నేనెవరిని? దారిలో మా బావమరిది తిన్నదంతా కరీబియన్ సముద్రానికి సమర్పించుకున్నాడు. అందులోనూ మీ తప్పు లేదు, హోటల్లో టిఫిన్ ఉచితమని బల్ల వదలనివాడు వాడే. విమానంలో పోయి ఉండాల్సిందని ఎవరైనా అంటారేమో. సేబా రన్‌వే పొడవు 400 మీటర్లు. రోజువారీ విమానాలు దిగే రన్‌వేలలో ప్రపంచం మొత్తం మీద అంతకన్నా పొట్టిది లేదు. అటు కొసన కొండచరియ, ఇటు కొసన కొండచరియ, కింద సముద్రం. ఆ ఫొటో చూసి మా ఆవిడ “పడవే మేలు” అంది. మా కుటుంబంలో మీకు పడిన మొదటి ఓటు, చివరి ఓటు అదే.

ఇక అసలు సంగతి.

తిరుగు ప్రయాణం మూడున్నరకని మీరే చెప్పారు. టికెట్టు మీద అచ్చు వేశారు. దిగేటప్పుడు మీ కుర్రవాడు మూడు వేళ్లు చూపించి, నాలుగో వేలును సగానికి మడిచి మరీ చెప్పాడు. ఆ మాట నమ్ముకుని లెక్క వేసుకున్నాం. టాక్సీలో విండ్‌వర్డ్‌సైడ్ ఊరికి, అక్కడి నుంచి మౌంట్ సీనరీ మెట్లకు. మెట్లు మొత్తం 1064. శిఖరం ఎత్తు దాదాపు 870 మీటర్లు. అక్కడ యూరప్‌లో సముద్రమట్టం కన్నా దిగువన గట్లు కట్టుకుని బతికే రాజ్యానికి, మొత్తం మీద అన్నిటికన్నా ఎత్తయిన చోటు ఇక్కడ, ఈ చిన్న దీవిలో నిద్రపోతున్న అగ్నిపర్వతం మీద ఉంది. చూడాలని ఎవరికి ఉండదు?

మెట్లకు నాచు పట్టి ఉంది. ఏ రెండూ ఒకే ఎత్తులో ఉండవు. చేమాకుల్లాంటివి, కానీ గొడుగంతేసి ఆకులు దారికి అడ్డంగా వాలి ఉన్నాయి. పైకి పోయేకొద్దీ కొమ్మలన్నిటికీ నాచు గడ్డాలు, ఆ గడ్డాల కొసల నుంచి ఒక్కొక్క బొట్టు. వాన కాదు, మబ్బే కొమ్మలకు తగిలి నీరవుతోంది. మనిషి అలికిడి లేదు. సింట్ మార్టెన్ రాజధాని ఫిలిప్స్‌బర్గ్‌లో పెద్ద ఓడలు కుమ్మరించిన జనం నగల దుకాణాల ముందు ఒకరినొకరు తోసుకుంటుంటే, మేము తప్పించుకుని వచ్చింది దీని కోసమే. మా బావమరిది కూడా మాట్లాడటం మానేశాడు. అది ఎంత అపురూపమో వాడి అక్కను అడగండి.

అప్పుడు మీ ఫోను. “సముద్రం లేస్తోంది. రెండింటికల్లా రేవులో ఉండండి. రాకపోతే మా బాధ్యత లేదు.”

వెనక్కి తిరిగాం. పై నుంచి దిగి వస్తున్న ఆ ఊరి పెద్దావిడ ఒకరు మమ్మల్ని చూసి, “అదేమిటి, ఇంకో పావుగంట ఎక్కితే శిఖరమే కదా” అన్నారు. పావుగంట! ఆ మాట అనకపోయినా బాగుండేది. దిగుతున్న ప్రతి మెట్టుకూ నా మోకాళ్లు అదే మాట అప్పజెప్పాయి.

రెండు కాకముందే రేవులో ఉన్నాం. సముద్రం ఎక్కడ లేచింది మహాప్రభో? పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. మీ కుర్రవాడు ఇంజను మూత మీద కూర్చుని చిన్న చాకుతో నారింజ ఒలుస్తున్నాడు. తొక్క ఎక్కడా తెగకూడదన్న పట్టుదలతో, చాకును కదపకుండా పండునే తిప్పుతూ ఒలుస్తున్నాడు. ఒకే చుట్టగా ఊడివచ్చాక దాన్ని వెలుగులోకి ఎత్తి చూసుకుని, నీళ్లలోకి జారవిడిచి, ఇంకో నారింజ అందుకున్నాడు. తొందరలో ఉన్న పడవ మీద నారింజ అలాగేనా ఒలుస్తారు?

కెప్టెన్ ఎక్కడ అని అడిగాను. భోజనానికి వెళ్లారు. ఎప్పుడు వస్తారు? వస్తారు. వెనక రాళ్లు పిండి చేసే యంత్రం దుమ్ము, ముందు డీజిల్ వాసన, నీడ అంటే మా ఆవిడ చున్నీ. మూడున్నర దాటాక మీరు కదిలారు. ఎందుకు ముందే రమ్మన్నారంటే కుర్రవాడు ఏమీ దాచుకోకుండా చెప్పాడు: “మూడున్నర అంటే అందరూ నాలుగింటికి వస్తారు. అందుకని సముద్రం పేరు చెబుతాం.”

సముద్రం పేరు చెబుతారా! ఆ గట్టు మీద నుంచి చూస్తే కొండ మీదికి మెలికలు తిరుగుతూ పోయే రోడ్డు కనిపిస్తుంది. ఇక్కడ రోడ్డు వేయడం కుదరదని హాలండ్ ఇంజనీర్లు తేల్చేస్తే, జోసెఫస్ లాంబర్ట్ హాసెల్ అనే ఈ దీవి మనిషి పోస్టులో పాఠాలు తెప్పించుకుని, చదువుకుని, ఊరివాళ్లను కూడగట్టి చేతులతో వేయించిన రోడ్డు అది. 1938లో మొదలుపెడితే మొదటి ముక్క ‘ది బాటమ్’ అనే ఈ దీవి రాజధాని ఊరి దాకా చేరేసరికి 1943. అంతకు ముందు ల్యాడర్ బే దగ్గర రాతిలో తొలిచిన 800 మెట్ల మీదుగా సరుకంతా తల మీదే ఎక్కేది. పియానోను కూడా అలాగే మోశారని చెబుతారు. పియానో, స్వామీ! అలాంటివాళ్ల దీవిలో మాకు దొరికేదే రోజులో కొన్ని గంటలు. అందులోంచి గంటన్నర అబద్ధం చెప్పి లాక్కున్నారు. ఇది మోసం. మర్యాద మాటలు దీనికి అతకవు.

ఇంకా విడ్డూరం వినండి. సముద్రం నిజంగానే లేచింది. నాలుగింటికి, మనం నడి నీళ్లలో ఉండగా! రెండింటికి రమ్మన్నవారు రెండింటికే వదిలి ఉంటే ఈపాటికి ఒడ్డున ఉండేవాళ్లం. కానీ మీ కెప్టెన్ ఒక్కొక్క అల మీదికి పడవను కాస్త ఏటవాలుగా ఎక్కించి, అవతల నెమ్మదిగా దించిన తీరు చూశాక ఆయన్ను తిట్టడానికి నోరు రాలేదు. అబద్ధం ఆడిన మనిషికి అంత పనితనం ఎందుకు ఇచ్చాడో దేవుడు. సేబాకు చెప్పుకోదగ్గ ఇసుక తీరం లేదు, పెద్ద ఓడలు ఆనుకునే రేవు లేదు. ఇక వాకిట్లో మీరు. ఆ మెట్ల మీద అలికిడి లేకపోవడంలో మీ పుణ్యమూ కొంత ఉందని ఒప్పుకోవడానికి నాకు ఒళ్లు మండుతోంది, కానీ ఉంది.

ఈసారి మీతో మాకు పొద్దుటి పని వరకే. విండ్‌వర్డ్‌సైడ్‌లో రాత్రికి గది చూసి పెట్టుకున్నాం. రెండింటికి మీరు ఫోను చేసుకోవచ్చు. ఎత్తను.

ఇట్లు,
ఎడమ వైపు చివరి వరుసలో, ఒక చేత్తో బావమరిదిని, ఒక చేత్తో కాగితపు సంచిని పట్టుకుని కూర్చున్న
మీ ప్రయాణికుడు