ఖాళీ చేసిన బాడుగదారు సంతకం

తిరుపతిలో ఇల్లు బాడుగకిచ్చే వాళ్లందరికీ ఒక మనవి. పునాదిలో తేమ చేరితే మేస్త్రీని పిలవకండి. మేడ మీద బాడుగకున్న వాళ్ల సంతకం తెచ్చుకోండి. వాళ్లు నాలుగేళ్ల క్రితమే ఖాళీ చేసి ఉంటే బతిమాలి మళ్లీ ఇంట్లో పెట్టుకోండి. ల్యాప్‌టాప్ కంపెనీలు పాటిస్తున్నది ఇదే. ఇంత గొప్ప పద్ధతిని కంప్యూటర్లకే వదిలేయడం అన్యాయం.

మా ల్యాప్‌టాప్ ఫ్యాను కొన్నాళ్లుగా ఘాట్ రోడ్డెక్కే బస్సులా మూలుగుతోంది. బయోస్ అప్‌డేట్ చేస్తే తగ్గుతుందని కంపెనీ వారే సెలవిచ్చారు. బయోస్ అంటే మదర్‌బోర్డు మీది చిప్‌లో కూర్చున్న ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం. పవర్ బటన్ నొక్కగానే ముందు లేచేది అదే. కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ అయినా, లినక్స్ అయినా అది పిలిస్తేనే వస్తాయి. కానీ దాని అప్‌డేట్ మాత్రం విండోస్‌లో మాత్రమే నడిచే ఈఎక్స్‌ఈ ఫైలు. మా ఇంట్లో ఉన్నది లినక్స్, విండోస్ ఖాళీ చేసి నాలుగేళ్లయింది.

లినక్స్‌కూ ఒక దారి ఉంది. ఎల్‌వీఎఫ్ఎస్ అనే ఉమ్మడి గిడ్డంగిలో కంపెనీలు తమ ఫర్మ్‌వేర్ పెడితే, ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే ప్రోగ్రాం తెచ్చి ఎక్కిస్తుంది. పెడితే. మా మోడల్‌కు ఆ యోగం లేదు. 1994లో పుట్టిన ఫ్రీడాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి చూశాను. పాతకాలపు బయోస్ ఉంటేనే ఆ పెద్దాయన లేస్తాడు. మాది యూఈఎఫ్ఐ అనే కొత్త తరం బయోస్ తప్ప ఇంకేదీ ఎరగని యంత్రం, ఆయన్ను గుమ్మంలోంచే పంపేసింది.

గాంధీ రోడ్డులో రిపేరు కుర్రాడికి చూపించాను. "ఎందుకు సామీ ఈ తంటా? ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించేస్తా. అప్‌డేట్ అయినాక మీ లినక్స్ మళ్లీ వేసుకోండి" అన్నాడు. తలలో ఒక పేను కనిపిస్తే నేరుగా కల్యాణకట్టకు పంపే వైద్యం. మొక్కు లేకుండా గుండెందుకని వచ్చేశాను.

ఆ రాత్రి ఆ ఈఎక్స్‌ఈని జిప్ ఫైళ్లు విప్పే ప్రోగ్రాంతో తెరిచి చూశాను. కొబ్బరికాయే! పైన పీచు, చిప్ప. లోపల అసలు ఫర్మ్‌వేర్ ఉన్న చిన్న బిన్ ఫైలు. దాన్ని ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళితే, అక్కడే ఒక మూల 'ఫ్లాష్ అప్‌డేట్' అని ఉంది. కొన్ననాటి నుంచీ అక్కడే ఉంది. విండోస్ ఊసే ఎత్తలేదు. ఛార్జర్ పెట్టి ఉందా, బ్యాటరీలో ఛార్జ్ ఉందా అని మాత్రం అడిగింది, మధ్యలో కరెంటు పోతే ల్యాప్‌టాప్ ఇటుకరాయి కాబట్టి. 62 శాతం దగ్గర ఫ్యాను ఒక్కసారి గర్జించి, స్క్రీన్ నల్లబడింది. ఏడుకొండలవాడా అన్నాను. గోడ గడియారం చప్పుడు అంత గట్టిగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

అయిపోయింది. ఫ్యాను నోరు మూసుకుంది. లినక్స్ మాత్రం రాలేదు. ముందు ఎవర్ని లేపాలో చెప్పే బూట్ వరుసను అప్‌డేట్ మార్చేసింది. జాబితా తెరిస్తే మొదటి పేరు విండోస్ బూట్ మేనేజర్. నాలుగేళ్ల క్రితం ఖాళీ చేసినవాడి నేమ్‌ప్లేటు, తుడిచి మరీ తలుపుకు తగిలించారు.