గడియ తగిలిన గడియారం

తలుపు గడియ తగిలి నా గడియారానికి సొట్ట పడింది. గడియ అంటే 24 నిమిషాలని చిన్నప్పుడు చదువుకున్నాను గానీ, ఈ గడియకి అర సెకను కూడా పట్టలేదు. టంగుమంది, అంతే. చెయ్యి తిప్పి చూసుకుంటే కేసు పక్కన, నాలుగు అంకెకి ఎదురుగా, ఆవగింజంత సొట్ట. దాని వెనకాలే సన్నగా సాగిన గీత. తోకచుక్క దిగినట్టే ఉంది.

అది మా మామగారు ఇచ్చిన వాచీ. ఆయన వచ్చేది ఇంకో నాలుగు రోజుల్లో. ఎప్పుడొచ్చినా ముందు చూసేది కూతురి మొహం కాదు, నా మణికట్టు.

"అంత చిన్నది ఎవరికి కనిపిస్తుందండీ, ఊరుకోండి," అంది మా ఆవిడ.

ఊరుకుంటే నేనెందుకవుతాను? బావమరిదికి ఫోన్ చేశాను. "టూత్‌పేస్టు పెట్టి రుద్దు బావా, మాయమైపోతుంది," అన్నాడు వాడు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. పాత వాచీలకి ఉండే అక్రిలిక్ అద్దం మీద టూత్‌పేస్టు నిజంగానే పనిచేస్తుంది. అందులో ఉండే సన్నటి పొడి పైపొరని అరగదీసి చిన్న చిన్న గీతల్ని నున్నగా చేసేస్తుంది. నా గీత ఉన్నదేమో స్టీలు మీద. పావుగంట రుద్దాక గీత గీతలాగే ఉంది, వాచీ మాత్రం పుదీనా వాసన కొట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు మెటల్ పాలిష్ తెచ్చాను. వాచీ కేసుకి రెండు రకాల ముస్తాబు ఉంటుందని నాకప్పుడే తెలిసింది. అద్దం చుట్టూ ఉండే చట్రం మొహం చూసుకునేంత నున్నగా మెరుస్తుంది. పక్కలేమో దువ్వెనతో ఒకే దిక్కుకి దువ్వినట్టు సన్నటి గీతలతో, మెరుపు లేకుండా ఉంటాయి. దాన్ని బ్రష్డ్ ఫినిష్ అంటారు. అంటే తయారుచేసినవాళ్ళే వందల గీతలు గీసి మరీ అమ్ముతున్నారన్నమాట. వాళ్ళు గీస్తే అందం, నేను ఒక్కటి గీస్తే మచ్చ!

పాలిష్ వేసి భుజం నొప్పి పుట్టేదాకా రుద్దాను. నా గీత కాస్త పలచబడింది గానీ పోలేదు. దాని చుట్టూ ఉన్న కంపెనీవారి గీతలు మాత్రం శుభ్రంగా పోయాయి. దువ్విన తల మధ్యలో బట్టతల బయటపడ్డట్టు ఒక్కచోటే తళతళ. ఆ తళతళ మధ్యలో సొట్ట. ఇంతకుముందు దాన్ని వెతికి చూడాల్సి వచ్చేది. ఇప్పుడు దానికి లైటు పెట్టి చూపిస్తున్నట్టుంది.

మూడో రోజు ఆ దువ్వుడు మళ్ళీ తెప్పించే పనిలో పడ్డాను. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ ముక్కతో ఒకే దిక్కుకి, ఒకే బలంతో లాగాలి. ముందుకీ వెనక్కీ రుద్దకూడదు. మెరిసే భాగాలకి ముందే టేపు అంటించాలి. ఇది తెలిసినవాళ్ళు చేసే పద్ధతే. దానికి ముందు బెల్టు ఊడదియ్యాలి. బెల్టుని పట్టి ఉంచే స్ప్రింగు పిన్ను ఉంటుంది చూశారా, దానికి స్వాతంత్ర్యం అంటే మహా ప్రీతి. టిక్కుమని ఎగిరింది. సోఫా జరిపాం, చాప దులిపాం. కిందటేడాది పోయిన మా ఆవిడ చెవికమ్మ శీల దొరికింది, పిన్ను దొరకలేదు. "సొట్ట పడ్డం కూడా మంచికేనండీ," అని ఆవిడ శీల పట్టుకుని వెళ్ళిపోయింది. అరగంట తర్వాత వంటింట్లోంచి, "నా జడలో ఏదో గుచ్చుకుంటోంది," అంది.

ఇంత చిన్న పనికి టేపెందుకులే అనుకున్నాను. నాలుగు సార్లు లాగితే అద్భుతంగా వచ్చింది. అయిదోసారి చెయ్యి జారి స్క్రబ్బర్ చట్రం మీదకి ఎక్కింది. అద్దంలా ఉండే చట్రం కాస్తా పిల్లి గోకిన గోడలా తయారైంది. నా చేతుల్లోంచి బతికి బట్టకట్టింది సఫైర్ అద్దం ఒక్కటే. ఫ్యాక్టరీలో తయారైనా జాతికి నీలం రాయే కదా. మోస్ కొలతలో దాని గట్టిదనం 9. పైన ఉన్నది 10, అది వజ్రం.

వాచీ మెకానిక్ కంటికి భూతద్దం బిగించి చాలాసేపు చూశాడు.

"ఎవరు చేశారండీ ఇది?"

"మా బావమరిది," అన్నాను. సలహా వాడిదే కాబట్టి పూర్తి అబద్ధం కాదు.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. గీత అంటే పైన పడ్డ గాటు. దాని అడుగు దాకా చుట్టూ ఉన్న లోహాన్ని అరగదీస్తే పోతుంది. సొట్టని అలా తియ్యాలంటే కేసు పక్కంతా ఆ లోతుకి తగ్గించాలి, అప్పుడు అంచులన్నీ అరిగి సబ్బుబిళ్ళలా అవుతాయి. లేదంటే లేజర్ వెల్డింగుతో స్టీలు నింపి, ఆకారం తీర్చి, మళ్ళీ దువ్వాలి. "స్టీలు కాబట్టి సరిపోయిందండీ. బంగారు పూత అయ్యుంటే ఈపాటికి లోపలి ఇత్తడి పలకరించేది. 20 మైక్రాన్ల పూతంటేనే మందం కింద లెక్క. అది మిల్లీమీటరులో యాభయ్యో వంతు."

లోపలి యంత్రాన్ని విప్పి పక్కనపెట్టి, టేపు అంటించి, నేను చేసిన రిపేరుని రిపేరు చేశాడు. దువ్వుడు వచ్చింది, మెరుపు వచ్చింది, గీత పోయింది. సొట్టని మాత్రం వదిలెయ్యమన్నాడు. వదిలేశాను, బుద్ధొచ్చి కాదు, ఓపిక లేక.

మామగారొచ్చే రోజు పొద్దున వాచీని వెలుతురులో పెట్టి ఆఖరిసారి తనిఖీ చేశాను. టైము తిప్పే కీ కింద కూడా ఏమైనా గీతలున్నాయేమోనని దాన్ని బయటికి లాగి చూశాను. ఒక్కటీ లేదు. తృప్తిగా చేతికి పెట్టుకుని, ఇంకా బోలెడు టైముందని స్థిమితంగా టిఫిన్ చేసి, స్టేషనుకి బయల్దేరాను.

ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. మామగారు పెట్టె మీద కూర్చుని ఉన్నారు. లేచి, అలవాటు ప్రకారం నా మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. సొట్ట దగ్గర ఆయన వేలు ఒక్క క్షణం ఆగింది. నా గుండె కూడా.

"బాగా మెరిపించావు నాయనా," అన్నారు. "బండి దిగి గంటయింది. దీంట్లో టైము కూడా చూస్తుంటావా?"

చూశాను. ఏడు ఇరవై. కీ ఇంకా బయటికే ఉంది.