ఫిలడెల్ఫియాలో ఇంకో పాట ఉంది

‘ఫిలడెల్ఫియా’ (1993) సినిమా పాట అనగానే అందరూ అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పేరే చెబుతారు. ఆస్కార్ ఆయనకే వచ్చింది, రేడియోల్లో మోగిందీ ఆయన పాటే. అదే సినిమాకు మరో రాక్ గాయకుడు నీల్ యంగ్ రాసి పాడిన పాట ఇంకొకటి ఉంది. దానికి సినిమా పేరే, ‘ఫిలడెల్ఫియా’. అదీ అదే ఆస్కార్‌కు నామినేట్ అయింది. 1994 మార్చిలో ఇద్దరూ ఒకే వేదిక మీద పాడారు. ఇవాళ యంగ్ పాట గుర్తున్నవాళ్లు తక్కువ. నన్నడిగితే, సినిమాను నిలబెట్టింది అదే.

ఎయిడ్స్ సోకిన లాయర్ ఆండ్రూని ఉద్యోగంలోంచి తీసేస్తే అతను కోర్టుకెక్కే కథ ఇది. ఆ జబ్బు పేరెత్తితేనే జనం దూరం జరిగే రోజులవి. దర్శకుడు జొనాథన్ డెమీ మొదట గిటార్లు హోరెత్తే పాటతో సినిమా మొదలుపెట్టాలనుకుని యంగ్‌ని అడిగాడు. తన రాక్ బృందం క్రేజీ హార్స్‌తో ఆయన గిటార్ ఎంత మోత మోగిస్తుందో తెలిసినవాళ్లెవరైనా అదే అడుగుతారు. యంగ్ పంపింది మాత్రం పియానో మీద మెల్లగా సాగే పాట. దాంతో డెమీ స్ప్రింగ్‌స్టీన్‌ని అడిగాడు. ఆయనా మెత్తటి పాటే ఇచ్చాడు. అది సినిమా మొదట్లోకి, యంగ్ పాట చివరికి వెళ్లాయి.

ఆ చివరి సీన్ చూడండి. ఆండ్రూ చనిపోయాడు. ఇంటినిండా చుట్టాలు, స్నేహితులు. టీవీలో అతని చిన్నప్పటి దృశ్యాలు నడుస్తుంటాయి. రెండు గంటలుగా కళ్లముందు చిక్కి శల్యమైన మనిషి, ఇప్పుడు ఆడుకుంటున్న పిల్లాడు. అప్పుడు వస్తుంది యంగ్ గొంతు, సన్నగా, వణుకుతూ. నన్ను వదిలేయకు, ఒంటరిగా ఉండలేనని ఫిలడెల్ఫియా ఊరినే వేడుకుంటుంది. ఫిలడెల్ఫియా అంటే గ్రీకులో సోదర ప్రేమ. ఆండ్రూని గెంటేసిందీ ఆ ఊరి కంపెనీయే. గంభీరమైన గొంతు అయితే మనల్ని ఓదార్చేది. ఈ గొంతు ఓదార్చదు, అడుగుతుంది.

స్ప్రింగ్‌స్టీన్ పాటకు నడకలాంటి డ్రమ్ బీట్ ఉంది, సినిమా చూడనివాళ్లూ వినగలరు. యంగ్ పాటకు ఆ పిల్లాడు కావాలి. పైగా అది చివరి పాట. పేర్లు పడటం మొదలవగానే లేచి వెళ్లిపోయే అలవాటు మన హాళ్లలో తెలిసిందే. అందుకే దాన్ని విడిగా యూట్యూబ్‌లో వినమని ఎవరికీ చెప్పను. సినిమా మొత్తం చూసి, పాట అయిపోయేదాకా కూర్చోమంటాను.